చెరువులో బాస్ పెరగడం లేదా? కొత్త పిల్లల్ని వదలకండి, ఉన్నవాటిని తీయండి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెప్తాను. జార్జియాలో ఫోర్సైత్ దగ్గర (మనవాళ్లు గుంపుగా ఉండే ఫోర్సైత్ కౌంటీ కాదు, మేకన్ వెళ్లే దారిలో ఐ-75 పక్కనున్న ఫోర్సైత్ ఊరు) పద్నాలుగు ఎకరాలు కొన్నారు. అందులో రెండెకరాల పాత చెరువుంది. గాలం వేస్తే బాస్ చేపలు బాగానే పడుతున్నాయి కానీ రెండేళ్లుగా అన్నీ పది అంగుళాల దగ్గరే ఆగిపోయాయి. ఇంకో రెండు వందల బాస్ పిల్లల్ని తెచ్చి వదలాలా, మేత వేయాలా, నాచుకు ఏ మందు కొట్టాలి, నదిలో బాస్ పట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

పిల్లల్ని మాత్రం కొనకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నేను థామస్టన్ వైపు మూడెకరాల చెరువున్న పొలం కొని పదకొండేళ్లయింది. అంతకుముందు ఆకివీడు దగ్గర మా నాన్నగారి చేపల చెరువుల మీదే పెరిగాను కాబట్టి చెరువంటే నాకు తెలుసు అనుకుని దిగాను. ఆ తెలుసనుకోవడమే మొదటి రెండేళ్లు నా కొంప ముంచింది. మన దగ్గర లెక్క వేరు. శీలావతి, బొచ్చె పిల్లలు వేస్తాం, చిల్లుల సంచుల్లో తవుడు నింపి కర్రలకు కడతాం, బరువు రాగానే వల లాగుతాం. మేత పెంచితే చేప పెరుగుతుంది. లార్జ్‌మౌత్ బాస్ ఆ జాతి కాదు. అది మన కొర్రమీను లాంటిది, వేటాడి తినే చేప. దాని మేత సంచిలో రాదు, దాని పక్కనే ఈదుతూ ఉంటుంది. ఆ మేత పేరు బ్లూగిల్. ఇక్కడి ముసలాళ్లు బ్రీమ్ అంటారు.

మొదటి ఏడాది నా చెరువులోనూ మీ పరిస్థితే. చేపలు చిన్నగా ఉన్నాయి కదా అని మూడు వందల బాస్ పిల్లలు కొన్నాను. అమ్మినాయన నా చెరువులో ఇప్పటికే ఏముందో అడగలేదు, నేనూ చెప్పలేదు. సంచుల్ని నీళ్లలో తేలేసి, వేడి సర్దుకున్నాక కొంచెం కొంచెం నీళ్లు కలిపి, మా నాన్న నేర్పినట్టే పద్ధతిగా వదిలాను. పది నిమిషాలు కాలేదు, గట్టు వెంట నీళ్లు బాణలిలో ఆవాల్లా చిటపటలాడాయి. ఆకలి మీదున్న పాత బాస్‌లన్నీ ఒడ్డుకొచ్చి విందు చేసుకున్నాయి. తప్పించుకున్న కాసిని పిల్లలు ఆ తర్వాత అదే మేతకు పోటీకొచ్చాయి. డబ్బు పెట్టి నా సమస్యను నేనే పెంచుకున్నాను.

మీ చెరువులోనూ బాస్ ఎక్కువైపోయి బ్లూగిల్ చాలడం లేదని నా అనుమానం. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఈసారి పడిన పది అంగుళాల బాస్‌ను కొలబద్ద పక్కన పెట్టి, చిన్న తూకం మీద వేయండి. కడుపు నిండా తింటున్న చేపైతే అర పౌండు దాకా తూగాలి. నేను మొదట తూచినది ఐదున్నర ఔన్సులు. తల మాత్రం పెద్ద చేపకున్నంత ఉంది. కళ్లు బయటికొచ్చినట్టున్నాయి. తల వెనక నుంచి వీపు సన్నబడిపోయింది, కడుపు లోపలికి పీక్కుపోయింది. మొప్పల కింద వేలు పెట్టి ఎత్తితే పట్టుతప్పిన సంచిలా వేలాడింది. పొట్ట కోస్తే రెండు తూనీగ పురుగులు, ఒక నల్లటి ఆకు ముక్క. అది చిన్న చేప కాదు, ఆకలితో గిడసబారిన ముసలి చేప. ఇంకో గుర్తు కూడా ఉంది. ఇలాంటి చెరువుల్లో బ్లూగిల్ తక్కువే పడతాయి, పడినవి మాత్రం అరచేతిని మించి ఉంటాయి. చిన్నప్పుడే మిగతావాటిని బాస్ మింగేయడంతో బతికినవాటికి తిండికి లోటుండదు మరి.

దీనికి తలకిందులుగా ఉండే రోగమూ ఉంది. మూడు నాలుగు అంగుళాల బ్లూగిల్ లెక్కలేనన్ని పడి, బాస్ ఎప్పుడో ఒకటి పడితే అది మాత్రం పెద్దదైతే, అక్కడ బ్లూగిల్ ఎక్కువైనట్టు. బాస్ గూడు పెట్టినప్పుడు ఆ గుంపు మీదపడి గుడ్లు తినేస్తుంది. బాస్ పిల్లల్ని వదలాలన్న ఆలోచన అలాంటి చెరువుకే పనికొస్తుంది.

బాస్‌కు ఎన్ని బ్లూగిల్ ఉండాలన్న ఈ తూకం లెక్కలన్నీ పక్కనున్న అలబామాలో పుట్టినవే. ఆబర్న్‌లో స్వింగిల్ అనే ఆయన 1930ల నుంచి వరసగా చెరువులు తవ్వించి, చేపలు వేసి, నీళ్లు తీసేసి ఒక్కో చేపనూ లెక్కపెట్టాడు. అమెరికా దక్షిణాదిన పొలం చెరువుల పద్ధతికి పునాది వేసింది ఆయనే. కొత్త చెరువుకి ఎరువు వేసేటట్టయితే ఎకరానికి వెయ్యి బ్రీమ్, వంద బాస్, ఎరువు వేయకపోతే అందులో సగం అన్న లెక్క ఆ సంప్రదాయంలోదే. బ్రీమ్‌ను చలికాలానికి ముందు, బాస్‌ను మరుసటి వేసవి మొదట్లో వేస్తారు. బాస్ వచ్చేసరికి బ్రీమ్ ఒకసారి పిల్లలు పెట్టి ఉండాలన్నది దాని కిటుకు. విందు సిద్ధమయ్యాకే అతిథుల్ని పిలవాలి.

చెరువు రోగం పట్టుకోవడానికి స్వింగిల్ వాడిన పరీక్ష మీరూ చేయొచ్చు. జూన్ చివర్లో పదిహేను అడుగుల చిన్న వల తీసుకుని ఇద్దరు ఒడ్డు వెంట నాలుగైదు చోట్ల లాగండి. చిన్నప్పుడు పంటకాలువలో తువ్వాలు పట్టి పరిగెలు తీయలేదూ, అంతే పని. ఇప్పుడే పుట్టిన బ్లూగిల్ పిల్లలు బోలెడు, మధ్యలో అక్కడక్కడ బాస్ పిల్లలు వస్తే చెరువు బాగున్నట్టే. మూడు నాలుగు అంగుళాల బ్లూగిల్ మాత్రమే వచ్చి బాస్ పిల్ల కనిపించకపోతే పైన చెప్పిన రెండో రోగం. వలలో మధ్యసైజు బ్లూగిల్ దాదాపు లేకుండా పోతే మీదీ నాదీ ఒకటే జబ్బు.

మందు చెప్తాను, కాస్త చేదుగా ఉంటుంది. పన్నెండు అంగుళాల లోపు బాస్‌ను ఎకరానికి ఏడాదికి ఇరవై ఐదు పౌండ్ల చొప్పున తీయాలి. మీ రెండెకరాలకు యాభై పౌండ్లు. బక్క చేపలు కాబట్టి వందకు పైనే వస్తాయి. పట్టి మళ్లీ వదిలేయడం ఇక్కడ పుణ్యమని అందరూ చెప్తారు. మీ చెరువులో అది పాపం. ఈ ముక్క అమెరికాలో పుట్టిన మా పిల్లలకు అర్థం చేయించడానికి నాకు ఒక వేసవంతా పట్టింది. ఆ ఏడాది నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటూ నూట నలభై ఒకటి తీశాం. రెండో వసంతానికి పన్నెండు అంగుళాలవి, మూడో ఏడు పదిహేను అంగుళాలవి పడ్డాయి. పదిహేను అంగుళాల చేప రెండు పౌండ్లకు కొంచెం తక్కువ తూగుతుంది. బాస్ ఒక పౌండు కండ పట్టాలంటే పది పౌండ్ల దాకా చేపను తినాలన్నది ఇక్కడ అందరూ చెప్పుకునే లెక్క. వంద నోళ్లు తగ్గితే మిగిలినవాటికి ఎంత దక్కుతుందో మీరే వేసుకోండి. బ్లూగిల్‌ను మాత్రం ఈ రెండేళ్లూ ముట్టుకోకండి. చెరువు కోలుకున్నాక అవీ తీయాలి, పౌండు బాస్‌కు నాలుగైదు పౌండ్ల బ్రీమ్ చొప్పున.

తీసినవాటిని ఏం చేయాలని అడిగితే నవ్వొస్తుంది. పులుసు పెట్టండి! శీలావతిలో గొంతుకు అడ్డంపడే చీలిక ముళ్లుంటాయే, అవి బాస్‌లో ఉండవు. తెల్ల కండ, వెన్నెముక లాగేస్తే ఇంకేం లేదు, పిల్లలు కూడా నిర్భయంగా తింటారు. చింతపండు కొంచెం తగ్గించండి, ముక్క మెత్తన కాబట్టి గరిటె పెట్టకుండా గిన్నె తిప్పండి. ప్రపంచ రికార్డు బాస్ గతీ ఇదే. మీకు తూర్పున పారే ఆక్మల్గీ నదినే దిగువకు పట్టుకుని పోతే టెల్‌ఫెయిర్ కౌంటీలో మాంట్‌గొమరీ లేక్ అని పాత నదీపాయ ఒకటి ఉంది. 1932 జూన్ 2న జార్జ్ పెర్రీ అనే కుర్రాడు అక్కడ 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. ఊళ్లో తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి వండుకున్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో ఒకాయన దాన్ని సమం చేశాడు తప్ప ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

మేత సంగతి. బాస్ మామూలుగా గుళికలు తినదు. బ్లూగిల్ తింటుంది కాబట్టి తేలే గుళికలు రోజూ ఒకే వేళకి, పావుగంటలో తినేటంత వేస్తే బ్లూగిల్ బలిసి ఎక్కువ పిల్లలు పెడుతుంది, ఆ లాభం బాస్‌కు చేరుతుంది. మిగిలిన అన్నం, బ్రెడ్డు మాత్రం వేయకండి. కుళ్లి ఆక్సిజన్ లాగేస్తాయి.

మేతకన్నా ముందు నీళ్లు చూడండి. ఇక్కడి ఎర్రమట్టి నేలలు పులుపెక్కి ఉంటాయి. సీసాలో నీళ్లు పట్టి మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (రైతులకు సలహాలిచ్చే ఆఫీసు) ఇస్తే కొద్ది ఫీజుకి పరీక్ష చేయిస్తారు. ఆల్కలినిటీ (పులుపును అడ్డుకునే శక్తి) 20 పీపీఎం కన్నా తక్కువ వస్తే ఎరువు వేసినా డబ్బు దండగే. వ్యవసాయానికి వాడే సున్నపురాయి పొడిని ఎకరానికి రెండు టన్నులో, పరీక్షలో వచ్చినదాన్ని బట్టి ఇంకొంచెమో, శీతాకాలంలో చెరువంతా పరుచుకునేట్టు చల్లించాలి. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. సున్నం అనగానే మన దగ్గర ఎండగట్టిన చెరువులో చల్లే ఘాటు సున్నం గుర్తొస్తుంది. హార్డ్‌వేర్ షాపులో హైడ్రేటెడ్ లైమ్ పేరుతో దొరికేది అలాంటిదే. చేపలున్న నీళ్లలో అది వేస్తే పీహెచ్ ఒక్కసారిగా ఎగిరి తెల్లారేసరికి చేపలు తేలతాయి. బస్తా మీద పేరు రెండుసార్లు చదవండి.

ఎరువు వేయాలా వద్దా అన్నది మీ ఓపికను బట్టి. నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక వసంతంలో మొదలుపెడితే వేసవంతా వదలకుండా చూసుకోవాలి, మధ్యలో మానేస్తే కలుపే పెరుగుతుంది. ఎరువుకు నీళ్లు ఎంత పచ్చబడ్డాయో కొలవడానికి డిస్కు అమ్ముతారు. నేను ఇంట్లో పాత స్టీలు పళ్లానికి తెల్లరంగు వేసి తాడు కట్టాను. నీళ్లలోకి దించుతుంటే అది 18 నుంచి 24 అంగుళాల మధ్య కనుమరుగవ్వాలి. 18 అంగుళాలంటే సరిగ్గా మూర. మా నాన్న చెయ్యి మోచేతి దాకా ముంచి, వేళ్లు కనిపిస్తున్నాయా లేదా చూసి రంగు చెప్పేవారు. అదే లెక్క వేరే భాషలో మళ్లీ నేర్చుకున్నానన్నమాట. మూర కన్నా ముందే మాయమైతే ఎరువు ఆపండి, నీళ్లు మరీ చిక్కబడ్డాయి.

ఇక నాచు. మూడో ఏడు జూలైలో చెరువు సగం కలుపుతో నిండిపోయిందని ఒకే రోజు మొత్తానికీ మందు కొట్టాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మబ్బు. నాలుగో రోజు ఐదింటికి కుక్క ఒకటే మొరుగుతుంటే టార్చి పట్టుకుని వెళ్లాను. గట్టు పొడవునా వందల మూతులు. చేపలన్నీ పైకి తేలి, నీటి చర్మానికి పెదవులానించి, చప్పుడు చేస్తూ గాలి పీలుస్తున్నాయి. ఆకివీడులో ఇలాంటి పొద్దులు చాలా చూశాను. అక్కడైతే మోటార్లు ఉంటాయి, పడవ ఇంజనుంటుంది, పదిమంది పరిగెత్తుకొస్తారు. ఇక్కడ నేనూ, ఒక తోట పంపూ. నీళ్లు లాగి గాల్లోకి చిమ్మిస్తూ కూర్చున్నాను. తొమ్మిదింటికి పెద్ద చేపలే ముందు చచ్చాయి, ఎప్పుడూ అంతే, వాటికి గాలి ఎక్కువ కావాలి. కొట్టిన కలుపంతా ఒకేసారి కుళ్లి ఆక్సిజన్ తాగేసింది. తప్పు పూర్తిగా నాదే, డబ్బా మీద రాసే ఉంది. అందుకే మూడో వంతు చొప్పున, రెండేసి వారాలు ఆగి కొట్టండి, అదీ వసంతంలోనే, ఎండలు ముదరకముందే. మందు కన్నా నాకు నచ్చినది కలుపు తినే గడ్డి చేప. ఇక్కడ పిల్లలు పెట్టలేని ట్రిప్లాయిడ్ రకమే అనుమతి, లైసెన్సున్నవాళ్ల దగ్గరే కొనాలి. ఎకరానికి ఐదారు చాలు. పది అంగుళాలు దాటినవే వేయండి, లేకపోతే మీ బాస్‌లకు ఖరీదైన ఫలహారమవుతాయి.

కట్ట గురించి ఒక్కమాట. కట్ట మీద చెట్లు మొలవనివ్వకండి. వేర్లు కుళ్లిన దారిలో నీరు పాకి గండి పడుతుంది. అలుగులో కొమ్మలు, బీవర్లు పేర్చిన పుల్లలు ప్రతి వానకీ తీయండి. 1994 జూలైలో అల్బెర్టో తుఫాను వచ్చినప్పుడు అమెరికస్ ఊళ్లో ఒక్క రోజులో 21 అంగుళాల వాన పడింది. ఈ ప్రాంతంలో రెండు వందలకు పైగా చిన్న కట్టలు తెగిపోయాయి. ఆ పాత చెరువుల యజమానులు ఇప్పటికీ వాన మబ్బు చూస్తే అలుగు దగ్గరికి నడుస్తారు.

చెరువులో మీరు వేయాలనుకునే వేరే చేపల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తెలుగువాడు చెరువు కొంటే కొర్రమీను గుర్తు రాకుండా ఉండదు. మర్చిపోండి. ఆ జాతి మొత్తాన్ని దేశంలోకి తేవడాన్ని అమెరికా 2002లో నిషేధించింది, ప్రాణమున్న చేపను తేవడం నేరం. 2019 అక్టోబరులో గ్విన్నెట్ కౌంటీలో ఒక చెరువులో కొర్రమీను జాతికే చెందిన నార్తర్న్ స్నేక్‌హెడ్ దొరికితే, కనిపించిన వెంటనే చంపి ఫ్రీజర్లో పెట్టి మాకు ఫోన్ చేయండి అని ఇక్కడి వైల్డ్‌లైఫ్ శాఖ ప్రకటించింది. మనం పండగ చేసుకునే చేపకు ఇక్కడ పోలీసు రికార్డుందన్నమాట. ఒక ఊరట ఉంది. కొర్రమీనుకు వాడే రబ్బరు కప్పలు ఇంట్లో ఉంటే తెచ్చుకోండి, తామరాకుల మీద లాగితే బాస్ అచ్చం కొర్రమీనులాగే ఆకు చీల్చుకుని వస్తుంది. క్రాపీ అనే ఇక్కడి చేప కూడా వద్దు, రెండెకరాల చెరువులో అది గుంపులు కట్టి బాస్ పిల్లల్ని తినేస్తుంది.

నదికొద్దాం. ఆక్మల్గీ మీకు దగ్గరే, కానీ బాస్ పట్టడం నేర్చుకోవాలంటే గంట దూరమైనా ఫ్లింట్ నదికి రండి. అట్లాంటా విమానాశ్రయం దగ్గర పుట్టి, రన్‌వేల కింద పైపుల్లో పారే మురుగు కాలువలాంటి నీళ్లే థామస్టన్ దగ్గరికొచ్చేసరికి రాళ్ల మీద తెల్లగా ఉరుకుతాయి. స్ప్రూవెల్ బ్లఫ్ దగ్గర పెద్ద డ్యాం కట్టాలనుకున్నారు. 1973లో అప్పటి గవర్నరు జిమ్మీ కార్టర్ వద్దన్నాడు. అందుకే రెండు వందల మైళ్లకు పైగా డ్యాం లేకుండా పారే కొద్ది నదుల్లో ఇదొకటిగా మిగిలింది. ఆ రాళ్లలో ఉంటుంది షోల్ బాస్. అపలాచికోలా, చాటహూచీ, ఫ్లింట్ నదులే దీని పుట్టిల్లు. ఆక్మల్గీలో ఉన్నవి తర్వాత తెచ్చి వదిలినవి. 1999 దాకా దీనికి శాస్త్రీయంగా సొంత పేరే లేదు. ఒంటి మీద పులిచారలు, ఎర్ర కన్ను.

లార్జ్‌మౌత్ నిలవనీళ్లలో పడిన దుంగ పక్కన దాక్కుంటుంది. ఇది అలా కాదు. ఉరికే నీళ్లలో బండ వెనక అరచాప వెడల్పున నిమ్మళంగా తిరిగే చోటుంటుంది చూశారా, అక్కడ నిలబడి పైనుంచి కొట్టుకొచ్చేదాన్ని అందుకుంటుంది. ముఖ్యంగా రొయ్యలా ఉండే క్రాఫిష్‌ను. కాబట్టి ఎగువకు విసరండి. గోధుమరంగు జిగ్‌ను (సీసం తలున్న కొక్కెం ఎర) నీళ్లే తీసుకొచ్చేట్టు వదిలి, దారం కొంచెం బిగువుగా పట్టుకోండి. బండ అంచు దాటగానే దారం ఆగినట్టనిపిస్తుంది. రాయికి తగులుకుందనుకుంటారు. ఆ రాయి ఒక్కసారిగా పక్కకు నడుస్తుంది. మొదటిసారి నాకు చేతిలో కర్ర జారిపోయింది. మే నెలలో వెళ్తే ఆ బండల మధ్యే షోల్స్ లిల్లీలు తెల్లగా పూసి ఉంటాయి, గాలం మర్చిపోయి చూస్తారు.

ఈ చేపను మాత్రం వదిలేయండి. చెరువులో తినమన్నదీ నేనే, ఇక్కడ వదలమంటున్నదీ నేనే. చెరువులో వరద రాదు, కరువు రాదు, ఎక్కువైనవాటిని తీసేవాడు మీరు తప్ప ఎవరూ లేరు. నదికి ఆ పని చేసుకోవడం తెలుసు. పైగా ఎవరో తెచ్చి వదిలిన అలబామా బాస్ ఈ నదుల్లో స్థానిక జాతులతో కలిసిపోయి వాటి రక్తాన్ని మార్చేస్తోంది. కాబట్టి ఒక నీళ్లలో పట్టిన చేపను బకెట్‌లో వేసుకుని ఇంకో నీళ్లలోకి, మీ చెరువులోకి కూడా, తేవద్దు.

బయల్దేరేముందు కార్సన్‌విల్ దగ్గరి యూఎస్‌జీఎస్ గేజ్ (నది మట్టం చూపే ప్రభుత్వ మీటరు) ఫోన్‌లో చూడండి. వాన పడి మట్టం ఎక్కుతుంటే ఆ రోజు మానేయండి. పదహారేళ్లు నిండినవారికి లైసెన్సు ఉండాలి. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడానికి కాదు, ఒంటి మీద వేసుకోవడానికి. మన పిల్లలు నీళ్లలో పోయిన వార్త ఏటా వింటూనే ఉన్నాం. ఆక్మల్గీ మీద జూలియెట్ దగ్గర ఉన్నటువంటి పాత చిన్న అడ్డుకట్టల కిందికి ఎంత నీరసంగా కనిపించినా వెళ్లకండి, అక్కడ నీరు వెనక్కి తిప్పి కిందకు లాగుతుంది.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఈ శనివారం పది బాస్‌లు పట్టి పొడవూ బరువూ రాసుకోవడం. ఆ పది అంకెలు ఇక్కడ పెట్టండి, ఎన్ని తీయాలో కూర్చుని లెక్క వేద్దాం. చేపలు మాత్రం వెనక్కి వేయకండి, అవి పులుసులోకి.